ఎర్ర వైరు

అయిదింటికి లేచి రెండు పూటల వంట ఒకేసారి దింపాను. అత్తయ్య మాత్రలు పొద్దుటివి ఒక గిన్నెలో, మధ్యాహ్నానివి ఒక గిన్నెలో వేసి మూతలు పెట్టాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, డబ్బా కట్టి, రుమాలు ఎక్కడుందో రెండుసార్లు చెప్పి, ఏడింటికి ఆఫీసు వ్యాను ఎక్కించాను. ఏడూ పదికి సర్టిఫికెట్ల ఫైలు పక్క సీట్లో పెట్టుకుని కారు తాళం తిప్పాను. కర్ కర్ మంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే. ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు.

పది గంటల లోపల నేను నీటి పరీక్షల ల్యాబులో సంతకం పెట్టాలి. ఇప్పటికి రెండు తేదీలు పోగొట్టుకున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరంలో మర్యాదగానే రాశారు, ఇవాళ కూడా చేరకపోతే జాబితాలో నా తరవాత ఉన్న వాళ్ళని పిలుస్తారట. కెమిస్ట్రీ చదివి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో నేను పరీక్షించిన నీళ్ళంటే పొయ్యి మీది ఎసరే. ల్యాబు ఊరికి నలభై కిలోమీటర్ల అవతల, రిజర్వాయరు పక్కన ఉంది. అటు పొద్దున్న ఒకటే బస్సు, ఆరున్నరకి. నేను ఆ బస్సుకే వెళ్తానన్నాను. నిన్న సాయంత్రం ఆయనే, "ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో నలిగిపోవడం ఎందుకు? నిమ్మళంగా ఏడింటికి బయల్దేరు" అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయి ఇంకో కప్పు టీ కూడా ఇచ్చాను. మొదటిసారీ ఆయన అలాగే అన్నారు. రెండోసారీ అలాగే అన్నారు.

ఆ రెండుసార్లూ పొద్దున్న కారు నాకు లేవలేదు. సాయంత్రం ఆయన వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కార్లో కూర్చుని, సీటు ముందుకీ వెనక్కీ సర్దుకుని తాళం తిప్పితే చాలు, కారు ఒక్క వేటున లేచింది. "చూశావా? అంతా చేతిలో ఉంటుంది. మా సైంటిస్టుగారి చెయ్యి పడితే ఇనుము కూడా అలుగుతుంది" అన్నారు. వాళ్ళ అక్కకి ఫోన్లో చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఉడుక్కుంటున్నావంటారు. కొన్నాళ్ళకి నాకే నమ్మకం కుదిరింది, నా చేతిలోనే ఏదో ఉందని. మిక్సీ ఆగినా, కుళాయి కారినా ముందు నా వేళ్ళకేసి చూసుకునేదాన్ని. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే నిజం.

అద్దె కారు వాళ్ళకి ఫోన్ చేశాను. రెండు గంటలు పడుతుందన్నారు. కిందటిసారి ఇలాగే స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడిస్తే బండి కదలదని తెలిసింది కాబట్టి, ఈ నెల రోజుల్లో డాష్‌బోర్డు సొరుగులో ఉన్న పాత పుస్తకం తీసి చదివాను. కారుతో పాటు వచ్చిన పుస్తకం. ఈ కారు కొన్న మామగారు ఒక్క పేజీ కూడా తెరిచినట్టు లేరు, కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అందులో పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు. ల్యాబులో మాకు నేర్పిందీ అదే, ఒక్కొక్కటీ పరీక్షించి పక్కన పెట్టుకుంటూ పో, చివరికి మిగిలినదాన్ని పట్టుకో.

ఇంజను గట్టిగానే తిరుగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగుంది. ముల్లు సగం టాంకు చూపిస్తోంది. పాత బండి ముల్లుని నమ్మలేక వెనక బంపరు పట్టుకుని ఊపాను, లోపల పెట్రోలు గుడగుడమంది. అన్నిసార్లు తిప్పాక పొగ గొట్టం దగ్గర పెట్రోలు వాసన రావాలి. మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాను. ఏమీ లేదు. అంటే పెట్రోలు ఉంది, ఇంజనుకి అందడం లేదు. ఇంతవరకూ తెలిసేసరికి ఎనిమిదింపావు.

"మగవాళ్ళ పనులు నీకెందుకే? చీరంతా పాడు చేసుకుంటున్నావు. వాడొచ్చాక చూసుకుంటాడు" అంది అత్తయ్య వరండాలోంచి. కొంగు బిగించి కారు తలుపు తెరిచాను.

తాళం సగం తిప్పి ఊపిరి బిగపట్టి విన్నాను. వెనక సీటు కింద, ఇంజనుకి పెట్రోలు తోసే పంపు రెండు సెకన్ల పాటు జుమ్మనాలి. అనలేదు. ఫ్యూజు పీకి వెలుతురుకి పట్టి చూశాను, తీగ తెగలేదు. హారన్‌కీ, పంపుకీ కరెంటు కలిపే రిలేలు ఒకే రకం అని పుస్తకంలో ఉంది. రెండూ మార్చి పెట్టాను. టిక్కుమంది కానీ పంపు పలకలేదు. అరిగిపోయిన పంపు ఒక్కోసారి దెబ్బ తగిలితే తిరుగుతుందట. రోకలి తెచ్చి, దాని మీద గుడ్డ చుట్టి, టాంకు అడుగున నాలుగు తట్టాను. మా మూలింటాయన కుక్కని పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. చూడనీ. తట్టినా పలకలేదు. తొమ్మిదయింది. ఇక్కడే నా ధైర్యం జారిపోయింది. నాకు ఉద్యోగం రాసిపెట్టి లేదని, ఇంకో పదకొండేళ్ళు ఈ గేటు లోపలే అని, కారు పక్కన మట్టిలో కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఒక్క నిమిషం. తరవాత లేచి వెనక సీటు పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను. అది ఊడి చేతికొచ్చింది.

పంపు మూత మీద ఇరవై ఏళ్ళ దుమ్ము. వైర్లన్నీ దుమ్ము రంగులోకే దిగిపోయాయి. ఒక్కటి తప్ప. అది ఎర్రగా, కొత్త గాజులా నిగనిగలాడుతోంది. పాత వైరుని మధ్యలో కోసి, దీన్ని కలిపి, నల్ల టేపు చుట్టారు. టేపు ఇంకా అంటుకుంటోంది. ఆ వైరు పట్టుకుని కార్పెట్ లేపుకుంటూ ముందుకు పాకాను. డ్రైవరు సీటు దగ్గర ఆగింది. సీటు కిందికి చెయ్యి పెట్టాను. టేబుల్ ఫ్యానుకుండేలాంటి చిన్న స్విచ్చి ఒకటి వేలికి తగిలింది.

వెయ్యలేదు. ముందు మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"పాత తెల్ల కారు వాళ్ళింటి నుంచి మాట్లాడుతున్నాను. డ్రైవరు సీటు కింద స్విచ్చి ఏమిటండీ?"

"నమస్తే మేడమ్. అది పంపుదండీ. అది ఆపితే పెట్రోలు రాదు, బండి లేవదు. దొంగల భయం ఉందని సారు పెట్టించుకున్నారు. మీకు చెప్పలేదా?"

"ఎప్పుడు పెట్టారు?"

"మూడు నెలలైంది మేడమ్. సారుకి ఏదో తొందర, పక్కనే నిలబడి పెట్టించుకెళ్ళారు."

మూడు నెలల కిందటే నాకు మొదటి ఉత్తరం వచ్చింది. ఆ మధ్యలో అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాను, కూరగాయలకి వెళ్ళాను, గ్యాసు బండ మోసుకొచ్చాను. కారు ఒక్కరోజు కూడా అలగలేదు. ఈ ఇంటి పనికి నా చెయ్యి మంచిదే. నా పనికి వెళ్ళే రోజునే దానికి తెగులు. ఇంత తేలిక లెక్క నాకు ఎందుకు తట్టలేదని నా మీద నాకే అసహ్యం వేసింది. మనిషిని నమ్మినప్పుడు ఎవరూ లెక్క వెయ్యరు. నేను నా వేళ్ళని అనుమానించాను, ఆయన వేళ్ళని అనుమానించలేదు.

స్విచ్చి వేశాను. వెనక పంపు జుమ్మంది. తాళం తిప్పితే కారు ఒక్క వేటున లేచింది.

అత్తయ్య మెట్టు దిగి వచ్చి కారు తలుపు పట్టుకుంది. "దొరికిందా?" అంది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"నిన్న సాయంత్రం వాడు సీటు కింద చెయ్యి పెడుతుంటే చూశాను. వెనకటి రెండుసార్లూ చూశాను. ఏమిట్రా అంటే దొంగలకి అన్నాడు. మనింట్లోంచి పోయేది నువ్వొక్కదానివే కదా అనుకుని ఊరుకున్నాను." తలుపు వదల్లేదు. "నువ్వు పోతే మధ్యాహ్నం నాకు అన్నం ఎవరు పెడతారే? కాళ్ళు పట్టేస్తే ఎవరు లేపుతారు?"

ఆవిడ మీద కోపం రాలేదంటే అబద్ధం. అదే ఊపిరిలో జాలి కూడా వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషికి ఒక ముద్ద అన్నం కావాలంటే నా ఉద్యోగం పోవాలి, అంత చిన్న ఇల్లు మాది. "గిన్నెల మీద మూతలున్నాయి. వడ్డించుకోండి. లేవలేకపోతే మీ అబ్బాయికి ఫోన్ చెయ్యండి, ఆయన చెయ్యి మంచిది" అన్నాను. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే తలుపు మీంచి తీశాను. విసురుగా తియ్యలేదు. అప్పటికి తొమ్మిదీ నలభై.

ల్యాబు చేరేసరికి పదీ నలభై అయిదు. గోడకానుకుని ఒక అమ్మాయి ఫైలు గుండెలకి హత్తుకుని కూర్చుని ఉంది. నా తరవాతి పేరు ఆ అమ్మాయిదే అయి ఉంటుంది. గుమాస్తా నా చీర మీది మట్టినీ, గ్రీజునీ చూసి గొంతు తగ్గించాడు.

"పదింటి దాకా చూశామండీ. ఆలస్యానికి కారణం రాసిస్తే లోపల మేడమ్‌కి చూపిస్తాను. అవుతుందని మాత్రం నేను చెప్పలేను. బండి చెడిపోయిందని రాయండి, అందరూ అదే రాస్తారు."

తెల్ల కాగితం తీసుకున్నాను. నా వేలిముద్ర గ్రీజుతో మూలన పడింది. "బండి చెడిపోలేదు. నేను ఉద్యోగంలో చేరకుండా, నా భర్త పెట్రోలు పంపుకి నాకు తెలియకుండా స్విచ్చి పెట్టించి, నేను రావలసిన మూడుసార్లూ ఆపేశారు. మూడోసారి నేనే కనిపెట్టి వచ్చాను" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను.

గుమాస్తా చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం నా వైపు కొంచెం జరిపాడు.

"అమ్మా, ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇది ఫైల్లో ఉండిపోతుంది. రేపు మీవారు ఎప్పుడైనా వచ్చి అడిగితే చూపించాల్సి వస్తుంది. ఇంకో కాగితం ఇమ్మంటారా?"

"వద్దండీ," అన్నాను, "ఉండిపోవడానికే రాశాను."