అరచుట్టు

కిర్రు... కిర్రు... కిర్రు.

భోజనాల బల్ల అంచుకి బిగించిన పెడళ్లు. వాటిని తిప్పేది కాళ్లు కాదు — చేతులు.

ఇరవై రెండేళ్లు బస్సు స్టీరింగ్ తిప్పిన చేతులు. మా ఆయన చేతులు.

బస్సు బోల్తా పడిన రోజున వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు ఆయన మాట వినడం మానేశాయి. నేనెప్పుడో మానేశాను, కాళ్లు కొత్తగా మానేశాయి, అంతే.

ఏడాది మంచం. తర్వాత చక్రాల కుర్చీ. గదిలోంచి వంటింట్లోకి వచ్చేసరికే ఆయాసం.

పెడళ్లు బిగించింది ఫిజియో అమ్మాయి. పక్కనున్న మర చూపించింది.

"ఇది బిగిస్తే బరువు, వదులు చేస్తే తేలిక. తిప్పుతుంటే మాట రావాలి బాబాయ్, పాట రాకూడదు. పాట వచ్చిందంటే మీరు బద్ధకిస్తున్నట్టే!"

ఆయనకి ఒకటే కోరిక. మా వీధి చివర ఎత్తు. ఆ ఎత్తు మీద బస్సు డిపో. గేటు దగ్గర పాత స్నేహితులు.

"అక్కడికి నా చేతులతో నేనే వెళ్లాలి. ఎవరూ తోయకూడదు. నువ్వు కూడానే!"

సరే మహానుభావా.

మొదటి వారం... రెండు నిమిషాలకే మొహం కందగడ్డ. మెడంతా చెమట. నడుం కింద మాత్రం ఒక్క చుక్క లేదు. చూడలేకపోయాను.

ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, మర అరచుట్టు వదులు చేశాను.

మర్నాడు ఇంకో అరచుట్టు.

ఐదు నిమిషాలు. పది. ఇరవై! ఆయన పొంగిపోయారు. అలా పొంగిపోయినప్పుడు ఎంత బాగుంటారో... ఆ మొహం కోసం ఇంకో అరచుట్టు.

ఒకరోజు తిప్పుతూ తిప్పుతూ పాట అందుకున్నారు. నేనూ గొంతు కలిపాను. బుద్ధుండాలి నాకు.

ఆదివారం ఎత్తు దగ్గరికి వెళ్లాం. దీపస్తంభం దాకా ఎక్కారు. సగం కూడా కాదు. చేతులు ఆగిపోయాయి. చక్రాలు వెనక్కి జారాయి. నేను పట్టుకున్నాను.

పైన డ్రైవర్లందరూ చూస్తున్నారు.

ఇంటికొచ్చాక చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చున్నారు.

"ఇవి కూడా పోయాయేమోనే..."

ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ చెప్పేశాను. మర, అరచుట్లు, అన్నీ.



"దొంగమొహమా..." అన్నారు. "అయితే ఇవి పోలేదన్నమాట!"

నవ్వారో, ఏడ్చారో... రెండూనేమో.

మర ఆయనే బిగించారు. మళ్లీ రెండు నిమిషాలు. మళ్లీ కందగడ్డ. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని ఊరికే నిలబడటం నేను నేర్చుకున్నాను. అది నా వ్యాయామం. ఆయనదానికన్నా కష్టం, నన్నడిగితే.

నాలుగు నెలలు.

ఈ సాయంత్రం మళ్లీ ఎత్తు. దీపస్తంభం దాటాం. వెనక నేను — నా చేతులు కుర్చీకి జానెడు దూరంలో, తాకకుండా.

"తోస్తున్నావా?"

"లేదండీ."

"నిజం... చెప్పు!"

"మీ మీద ఒట్టు."

మాట వస్తోంది. పాట రావడం లేదు.

గేటు ఇంకా పాతిక అడుగులు. ఇప్పుడు మోగేది పెడళ్లు కాదు, చక్రాలు.

కిర్రు... కిర్రు...