మిగిలిన అరవై పేజీలు

“ఇంక నీకు సుఖమేనే అమ్మాయ్, ఆ బెడద తీరిపోయింది” అన్నారు మా అత్తగారు కమలాంబగారు, నాకు ముట్లుడిగాయని తెలియగానే. ఆ నోటితోనే, “నెల పొడుగునా మడివంటకి ఇబ్బంది లేదింక” అని కూడా అన్నారు. సుఖం ఎవరికో అప్పుడర్థమైంది.

అమలాపురం పక్కనే ఉన్న మా ఇంట్లో ఇప్పటికీ ఆడది నెలకి మూడు రోజులు దూరం కూర్చోవాల్సిందే. పెరటి వైపు గది, చాప, చెంబు. పెళ్లయిన కొత్తలో అవమానంతో ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు మానేసి చదవడం మొదలుపెట్టాను. ఆ మూడు రోజులూ నన్నెవరూ పిలవరు, ఏదీ అందించమనరు. కంచం దూరం నుంచి జరుపుతారు, నిజమే. కానీ అన్నం వేడిగా ఉంటుంది. సిగ్గుచేటు కాకపోతే, ఒక మనిషికి తీరిక దొరకాలంటే మైలపడాలా?

పోయినేడు పక్కింటి టీచరు క్రిస్టీనా ఒక పాత నవల ఇచ్చింది. ఆడవాళ్ల బతుకుల మీద చాలా గొప్ప నవలట. గొప్పదే, కాదనను. భర్త నోరు విప్పడు, అత్త నోరు మూయదు, కథానాయికకి ఇల్లే జైలు. కానీ చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి పేజీలకు పేజీలు ఆకాశం చూస్తుంది. మరి ఆ పూట అన్నం ఎవరు వార్చారు? రాసినాయన ఆవిడ చేతికి ఒక్కసారైనా చీపురివ్వలేదు, కన్నీళ్లు మాత్రం బిందెలకొద్దీ ఇచ్చాడు. తిట్టుకుంటూనే చదివాను. చివరికి ఓ తెల్లవారుజామున ఆవిడ వీధితలుపు గడియ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అక్కడ నా మూడు రోజులూ అయిపోయాయి. ఆ తర్వాత నాకు మళ్లీ నెల రాలేదు.

ఇంకా అరవై పేజీలున్నాయి. మధ్యాహ్నం పుస్తకం తెరిస్తే, “ఖాళీగానే ఉన్నావుగా, రెండు చెక్కలు కొబ్బరి కోరు” అంటారు అత్తగారు. “ఇప్పుడు చదివి ఏ పరీక్ష రాస్తావు?” అని నవ్వుతారు మా ఆయన. క్రిస్టీనా గోడ అవతలి నుంచి “అయ్యిందాండీ నవల?” అని అడుగుతుంది.

“ఎక్కడండీ, ఆవిడింకా గడియ పట్టుకునే ఉంది.”

క్రిస్టీనా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నవల్లో ఆవిడ గడప దాటి వెళ్లిందో, వెనక్కి తిరిగి కాఫీ పెట్టిందో నాకు తెలియాలి. ఈ ఇంట్లో నా కోసం నేను కోరుకున్నది ఆ ఒక్కటే. దానికి కూడా ఒంట్లోంచి రక్తం పోవాలంటే ఎలా?

నిన్న పొద్దున్న వంటిల్లు తుడిచి, పుస్తకం తీసుకుని, పెరటి గదిలో చాప పరుచుకుని కూర్చున్నాను.

అత్తగారు గుమ్మం అవతలే ఆగిపోయారు. “అదేవిటే, ఆగిపోయిందన్నావుగా?”

“ఆయ్, ఆగిపోయిందండీ.”

“ఒంట్లో బాలేదా మరి?”

“శుభ్రంగా ఉందండీ. చదువుకుంటున్నాను. మూడు రోజులు రాను.”

ఆవిడ గొంతు విని మా ఆయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చారు. నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశారు. “వేళాకోళమా? వంటెవరు చేస్తారు?”

మళ్లీ వచ్చిందని అబద్ధం చెప్పి ఉంటే ఎంత సులువయ్యేదో! ఇద్దరూ వెళ్లిపోయేవారు. చెప్పబుద్ధి కాలేదు.

“పెళ్లైన దగ్గర్నుంచీ నెలకి మూడు రోజులు మీరిద్దరే కదండీ వండేరు” అన్నాను. “ఈ ఇంట్లో ఒక్కరూ పస్తుండలేదు.”