ఉప్పు లేని మాటలు

ఒటిలియా తన కన్నకూతురి మీద వాడడానికి ఇంగ్లీషులో నాలుగు పెద్ద మాటలు నేర్చుకుంది. వీధి తిట్లు కావు. అవి మా ఫెయిర్‌ఫీల్డ్ బస్టాపులో అడక్కుండానే నేర్పుతారు. ఇవి మనిషి గుణం చెప్పే మాటలు, జడ్జి వింటే రాసుకునే మాటలు.

ఒటిలియా, నేనూ చిలీలో ఒకే ఊరివాళ్ళం. బొగ్గుగనుల ఊరు. సైనికులు మా మగవాళ్ళ కోసం ఇల్లిల్లూ గాలిస్తున్న రోజుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సిడ్నీలోని ఈ ఫెయిర్‌ఫీల్డ్‌కి వచ్చిపడ్డాం. ఒటిలియా కూతురు హిమేనా ఇక్కడే పుట్టింది. చర్చిలో జ్ఞానస్నానం నాడు దాన్ని చేతుల్లో పట్టుకున్నది నేనే. అలా ఎత్తుకున్న మనిషి మాలో సగం తల్లి కింద లెక్క. అందుకే ఈ గొడవలో తలదూర్చే హక్కు నాకుందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఒటిలియా కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేది. పిల్ల మొదట టీవీ ముందు, ఆ తర్వాత బళ్ళో పెరిగింది. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడు, నాలా కోళ్ళు కొయ్యకు" అని ఒటిలియా వెంటపడి మరీ చెప్పేది. పిల్ల తల్లి మాట విన్నది. నిద్దట్లో కలవరించినా ఇంగ్లీషే. స్పానిష్ దానికి వంటింటి గడప దాటలేదు: రొట్టె, పాలు, దుప్పటి, రా, పడుకో, ముద్దు పెట్టు. ఎదిగాక తల్లీకూతుళ్ళు చెరో భాషలో పోట్లాడుకునేవారు. ఒకళ్ళది ఒకళ్ళకి సగమే ఎక్కేది. ఆ సగం ఎక్కకపోవడం వల్లే ఇల్లు నిలిచిందని నేను అనుకునేదాన్ని.

హిమేనా బిళ్ళలకి అలవాటు పడింది. మొదట నడుంనొప్పికని డాక్టరిచ్చినవి, తర్వాత ఎవరెవరో ఇచ్చినవి. మొగుడు ఏ ఊరు పోయాడో తెలీదు. ఒక సాయంత్రం నాలుగేళ్ళ ఎలియాస్‌ని ఫ్లాట్లో పెట్టి, తాళం వేసి వెళ్ళి, తెల్లారినా రాలేదు. వాడి ఏడుపు విని పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. పిల్లవాణ్ణి తీసుకెళ్ళి ఎవరో పరాయివాళ్ళ ఇంట్లో పెట్టారు. అమ్మమ్మని నేనుండగా వాడు పరాయింట్లో ఎందుకని ఒటిలియా కోర్టుకెక్కింది.

విచారణకి వచ్చిన అధికారిణి అడిగింది, "మీ అమ్మాయి ఎలాంటి మనిషి?" అని.

"అలిసిపోయిందమ్మా, పాపం" అంది ఒటిలియా.

అంతే, కొంప మునిగింది. కూతురి తప్పు ఒప్పుకోలేని మనిషి, రేపు కూతురొచ్చి తలుపు కొడితే పిల్లవాణ్ణి చేతిలో పెట్టి పంపేస్తుందని వాళ్ళు తీర్మానించుకున్నారు. ఒటిలియా తరఫు లాయరమ్మ వయసుకి చిన్నదే గానీ గట్టిది. మొహమాటం లేకుండా చెప్పింది: "జడ్జి కూడా ఇదే అడుగుతారు. అప్పుడు కూడా అలిసిపోయింది, పాపం అన్నారంటే మనవణ్ణి మర్చిపోండి. ఉన్నదున్నట్టు చెప్పాలి. మీ భాషలోనే చెప్పండి, దుబాసీని పెట్టిస్తాను."

ఒటిలియా వద్దంది. లాయరమ్మ ఆశ్చర్యపోయింది, నేను పోలేదు. మాలో ఎవర్నయినా సరే లోపంతోనే పిలుస్తాం. లావుగా ఉంటే లావూ అని, నల్లగా ఉంటే నల్లదీ అని. కానీ ఆ మాట చివర చిన్న తోక తగిలిస్తాం, దాంతో అది ముద్దుపేరైపోతుంది. హిమేనాని పుట్టినప్పట్నుంచీ 'ఫ్లాకీతా' అనే పిలిచాం, అంటే బక్కపిల్ల. అది తప్పు చేస్తే పిచ్చిమొద్దు అనేవాళ్ళం, దానికీ ఒక తోక. ఆ నోటితో, ఆ భాషలో, తోక లేకుండా, కన్నబిడ్డని నిర్లక్ష్యపు మనిషి అని పదిమందిలో అనడం మా ఒటిలియా వల్ల కాదు.

"స్పానిష్‌లో ఐతే నాలుక పడిపోతుంది నెల్డా వదినా" అంది నాతో. "ఇంగ్లీషులో ఐతే చెప్పేస్తాను. అది మనది కాదుగా."

అలా నా వెంట శనివారం క్లాసుకి వచ్చింది. లైబ్రరీ మేడమీద గ్లెన్నిస్ అనే రిటైరైన టీచరు మా స్పానిష్ వాళ్ళకి ఇంగ్లీషు చెప్పేది. మేం బస్సు టికెట్టు, డాక్టరు అపాయింట్‌మెంటు స్థాయి దాటి, మనుషుల గుణగణాల దాకా వచ్చాం. గ్లెన్నిస్ పద్ధతి ఒకటుంది: మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ మనిషి అలాంటివాడని రుజువు చేసే సంగతొకటి వెంటనే చెప్పాలి.

"వోలటైల్" అంది గ్లెన్నిస్. "ఎప్పుడు ఎలా భగ్గుమంటారో తెలీని మనిషి."

"మా ఆయన వోలటైల్" అంది ఉరుగ్వే నుంచి వచ్చిన దెల్ఫీనా. "మొన్న ఆటలో మావాళ్ళు ఓడిపోతే చెప్పు తీసి టీవీ మీద విసిరాడు."

"టీవీ పగిలిందా?" అన్నాన్నేను.

"చెప్పు తెగింది. వెయ్యి చెప్పులైనా తెంపుతాడు గానీ టీవీ పగలగొడతాడా, పిసినారి పీనుగ!"

"ఆ పిసినారికి కూడా ఒక మాటుంది" అంది గ్లెన్నిస్. అందరం నవ్వాం. ఒటిలియా నవ్వలేదు. చెయ్యెత్తి, తప్పుల్లేకుండా అడిగింది: "బిడ్డని సరిగా చూసుకోని తల్లిని ఏమంటారు?"

గ్లెన్నిస్ ఆమె మొహంలోకి చూసి, నెమ్మదిగా చెప్పింది. "నెగ్లిజెంట్."

"మాటమీద నిలబడకపోతే?"

"అన్‌రిలయబుల్."

"ఏడ్చి, బతిమాలి, మనల్ని ఆడించి, తన పని కానిచ్చుకుంటే?"

"మానిప్యులేటివ్" అంది గ్లెన్నిస్, ఇంకేం అడక్కుండా.

ఆ సాయంత్రాలన్నీ మా వంటింట్లోనే సాధన. నేను గుమ్మడికాయ పూరీలు వేయించేదాన్ని, ఆమె టీ కప్పు ముందు పెట్టుకుని జడ్జికి చెప్పినట్టు చెప్పేది. "నా కూతురు నెగ్లిజెంట్. పిల్లవాణ్ణి తాళం వేసి వెళ్ళింది. నా కూతురు అన్‌రిలయబుల్. వాడి పుట్టినరోజుకి వస్తానని రాలేదు." ఎక్కడ నొక్కాలో నేను సరిచేసేదాన్ని. మొదట్లో గొంతు వణికేది. రానురానూ నున్నగా వచ్చేసింది.

"చూశావా వదినా" అంది ఒకరోజు, పూరీ తుంచుతూ. "ఈ మాటలకి రుచే లేదు. ఉప్పులేని రొట్టె నమిలినట్టుంది. చెప్తున్నది నా బిడ్డ గురించని కూడా అనిపించట్లేదు."

"మంచిదేగా" అన్నాను. "మనవడు ఇంటికి రావాలి. మిగతాదంతా తర్వాత."

కోర్టు రోజు వచ్చింది. తోడు మనిషినని నన్నూ లోపలికి రానిచ్చారు. చిన్న గది, పెద్ద బల్ల, నీళ్ళ గ్లాసులు. హిమేనా ఎదురుగా, తన లాయరు పక్కన కూర్చుంది. చెంపలు లోపలికి పోయాయి. జుట్టు శుభ్రంగా దువ్వి ముడేసుకుంది. బళ్ళో బహుమతుల రోజున నేను కట్టిన ముడి అలాగే ఉండేది. తలెత్తి కూర్చుంది, మీరేం అంటారో అనండి చూద్దాం అన్నట్టు. ఆ పొగరు చూస్తే నాకు ఒళ్ళూ మండింది, లేచి వెళ్ళి దాని చెంప నిమరాలనీ అనిపించింది.

జడ్జి అడిగాడు. "మీ అమ్మాయి ఎలాంటి మనిషో మీ మాటల్లో చెప్పండి."

ఒటిలియా లేచి నిలబడింది. కూర్చునే చెప్పచ్చన్నా వినలేదు. క్లాసులో నిలబడే చెప్పేవాళ్ళం మరి. "నా కూతురు నెగ్లిజెంట్" అంది, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి. తాళం సంగతి చెప్పింది. "నా కూతురు అన్‌రిలయబుల్." పుట్టినరోజు సంగతి. "మానిప్యులేటివ్." తల్లి గాజులు అమ్ముకుని తల్లి ఒళ్ళోనే పడి ఏడ్చిన సంగతి. "వోలటైల్." గోడకి వేసి కొట్టిన కప్పుల సంగతి. ఒక్క తప్పు లేదు. చివర్లో నావైపు చూసింది, బాగా చెప్పానా అన్నట్టు. నేను తల ఊపాను.

అప్పుడు హిమేనాని చూశాను.

మొదటి మాటకే దాని గడ్డం కిందికి దిగి ఉండాలి. నేను చూసేసరికి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, వంగి, బల్ల అంచు వైపు చూస్తోంది. దాని లాయరు ప్రశ్నలడగడానికి లేచాడు. అది అతని కోటు అంచు పట్టుకుని లాగింది. "వద్దు. ఆమె చెప్పింది నిజం. వాణ్ణి అమ్మకే ఇవ్వండి" అంది.

ఎలియాస్‌ని అమ్మమ్మకి ఇచ్చారు. తల్లి వారానికోసారి, ఇంకొకళ్ళు పక్కనుండగా, వచ్చి చూడచ్చన్నారు.

బయట వరండాలో ఒటిలియా పరుగులాంటి నడకతో కూతుర్ని చేరి, మా భాషలో, "ఫ్లాకీతా, తిన్నావా? ఎలా చిక్కిపోయావో చూడు" అంటూ దాని చెంప పట్టుకోబోయింది. హిమేనా ఒకడుగు వెనక్కి వేసింది. కోపంతో వేసినట్టు లేదు. వేడి తగిలి వెనక్కి జరిగినట్టుంది.

"ఆ మాటలు నాకు కొత్త కాదమ్మా" అంది ఇంగ్లీషులో. "ఫైల్లో చదివాను, డాక్టర్లన్నారు, వాడి తండ్రీ అన్నాడు. నీ నోటమ్మట మాత్రం ఎప్పుడూ వినలేదు. నువ్వొక్కదానివే అనలేదు ఇన్నాళ్ళూ."

ఒటిలియా తెల్లబోయింది. "అవి ఉత్త ఇంగ్లీషు మాటలే తల్లీ" అంది. "క్లాసులో నేర్చుకున్నా. నిన్ను నా భాషలో ఒక్క మాటన్నానా? అడుగు, నెల్డా అత్తనడుగు. మన భాషలో ఒక్కటంటే ఒక్క మాట అనలేదు."

"అమ్మా" అంది హిమేనా. "నాకున్నది ఆ ఇంగ్లీషొక్కటే కదా. నీ భాషలో నేను పాలు అడగగలను, అంతే. ఏడ్చినా, దేవుణ్ణి తలుచుకున్నా, ఎలియాస్‌ని జోకొట్టినా ఇంగ్లీషులోనే. నువ్వే అందులో పెట్టి పెంచావు."

లిఫ్టు వచ్చింది. హిమేనా ఎక్కి వెళ్ళిపోయింది. ఒటిలియా ఆ లిఫ్టు మీటని మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఆ పూట ఒటిలియాని ఇంటికి తీసుకెళ్ళడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. మనవడు వస్తున్నాడే అని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. తనకి చప్పగా ఉన్నవి బిడ్డకీ చప్పగానే ఉంటాయనుకుంది వెర్రిది. ఇక్కడికి వచ్చిపడ్డ మా తరమంతా అలాగే అనుకుంటాం. మా పిల్లలు కాపురముంటున్న భాషని మేం చెప్పుల్లా గుమ్మం బయట విడిచేది అనుకుంటాం.

శనివారం క్లాసుకి ఎలియాస్‌ని చంకనేసుకుని వచ్చింది. దెల్ఫీనా గబగబా వాడి చేతిలో బిస్కెట్టు పెట్టింది. అందరూ సంతోషంతో మీదపడ్డారు. ఒటిలియా ఎవరితోనూ మాట్లాడకుండా గ్లెన్నిస్ ముందుకెళ్ళి నిలబడింది.

"ఒక పిల్ల ఉండేది" అంది ఇంగ్లీషులో, పదం పదం వెతుక్కుంటూ. "వాళ్ళమ్మ తెల్లారి ఫ్యాక్టరీ నుంచి వచ్చి కుర్చీలోనే నిద్రపోయేది. కాళ్ళు వాచేవి. ఆ పిల్ల బూట్లు విప్పి, దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా రొట్టె తిని, ఒక్కత్తే బడికి పోయేది. టీవీ కూడా పెట్టేది కాదు. అలాంటి పిల్లని ఏమంటారు?"

"కన్సిడరేట్" అంది గ్లెన్నిస్.

ఒటిలియా ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "చిన్నది. ఇంకా పెద్ద మాట కావాలి."

గ్లెన్నిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కంపాషనేట్. ఇంకొకరి బాధని తన బాధలా చూసుకునే మనిషి."

ఒటిలియా చెప్పబోయింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఆ పెద్ద పెద్ద మాటల్ని జడ్జి ముందు గడగడా అప్పజెప్పిన మనిషి, మళ్ళీ చెప్పబోయి ఎలియాస్‌ని ఒళ్ళోకి లాక్కుని కూర్చుండిపోయింది.

హిమేనా మొదటిసారి వాణ్ణి చూడ్డానికి వచ్చిన రోజు, పార్కులో, కాస్త దూరంగా ఒక ఉద్యోగి కూర్చునుంది. నేను బెంచీ మీదున్నాను. హిమేనా మోకాళ్ళ మీద కూర్చుని ఎలియాస్ బూటు తాడు కడుతోంది. ఒటిలియా పక్కకెళ్ళి నిలబడింది. తలకి నూనె రాసుకుని, మంచి కోటు వేసుకుని, మళ్ళీ కోర్టుకి వెళ్తున్నట్టే తయారై వచ్చింది.

"నా కూతురు" అని మొదలుపెట్టింది ఇంగ్లీషులో. హిమేనా చేతులు తాడు మీద ఆగిపోయాయి. భుజాలు ముడుచుకుంది, దెబ్బ కాచుకునే మనిషిలా.

"నా కూతురు కంపాషనేట్" అంది ఒటిలియా. తప్పుచోట నొక్కింది. ఐనా ఆపకుండా, గ్లెన్నిస్ నేర్పినట్టే, రుజువు కూడా చెప్పింది. "చిన్నప్పుడు రోజూ పొద్దున నా బూట్లు విప్పేది."

హిమేనా తలెత్తలేదు. ఎలియాస్ కాలు రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మ ఏడుస్తోంది అమ్మమ్మా" అన్నాడు వాడు, ఇంగ్లీషులోనే.