ఆకుపచ్చ పేలిక మీద పంచాయితీ

సినిమా రెండున్నర గంటలు. అందులో ఆ పేలిక కనిపించేది రెండంటే రెండు సెకన్లు. మామూలు మనుషులైతే ఆ రెండు సెకన్లూ పాప్‌కార్న్ డబ్బాలో చెయ్యి పెట్టుకుని గడిపేస్తారు. కానీ ‘అరుణనౌక’ అభిమానులు మామూలు మనుషులా! విడుదలైన మర్నాటికే ఆ రెండు సెకన్లను ఆపి, సాగదీసి, పెద్దది చేసి, గీతలు గీసి, ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకోవడం మొదలుపెట్టారు.

నాలుగేళ్ల కిందట వచ్చిన మొదటి సినిమాలో కమాండర్ యామిని ఎర్రగ్రహం మీద దిగుతుంది. ఇప్పుడొచ్చింది దాని ముందుకథ. యామిని భూమి నుంచి ఎలా బయల్దేరింది, దారిలో ఏమేం పాట్లు పడింది అన్నది ఇందులో చూపించారు. సగం సినిమా అయ్యాక నౌకలో బరువన్నది లేకుండా పోతుంది. యామిని గాల్లో తేలుకుంటూ గొట్టంలాంటి దారిలో ముందుకెళ్తుంది. అప్పుడు కుడిచేతి చొక్కా పైకి జారి, భుజానికి కాస్త కింద కట్టిన ఆకుపచ్చ గుడ్డపేలిక కనిపిస్తుంది. ఆ తర్వాతి షాట్‌లో చూస్తే చెయ్యి బోసిగా ఉంటుంది. గొడవంతా దాని గురించే.

అదేమిటో, ఎవరు కట్టారో తెలిసిన మనిషి ఆ ఆదివారం మధ్యాహ్నం శామీర్‌పేట చెరువు పక్కన హోటల్ మేడమీది హాల్లో, చివరి వరుసలో కూర్చుని ఉంది. పేరు నజ్‌నీన్. రావల్కోల్ పిల్ల. చిన్నప్పుడు బొమ్మలకు బట్టలు కుట్టిన చేతులు ఇప్పుడు సినిమాలో వ్యోమగాములకు కుడుతున్నాయి. యామిని వేషం వేసిన సాయిప్రియకు బట్టలు తొడిగి, సర్ది, ప్రతి షాట్‌కూ ముందు ఒకసారి ఎగాదిగా చూసి సరే అనాల్సిన బాధ్యత ఈమెదే. పేలిక తప్పని తేలితే ఆ తప్పు నిలువునా ఈమె నెత్తినే పడుతుంది.

నిన్న సాయంత్రం మేనేజర్ ఫోన్ చేశాడు. “రేపు ఫ్యాన్స్ మీటింగుకు డైరెక్టర్ సారు పోతుండు. నిన్ను గూడ రమ్మన్నడు. గా గుడ్డ సంగతి మాట్లాడాల్నట” అని, ఇంకో మాట అడిగేలోపే పెట్టేశాడు. మూడో భాగానికి యూనిట్‌ను ఎంచుకుంటున్న రోజులవి. ఆ సినిమాలోంచి తీసేస్తే తీసేశారు, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యదని ఒక్కసారి పేరు పడ్డాక ఇంకొకళ్లు పిలుస్తారా? ఆ పనంటే నజ్‌నీన్‌కు ప్రాణం. అది పోతే ఏం చెయ్యాలో ఆమె ఎప్పుడూ ఆలోచించుకోలేదు కూడా. పొద్దున వాళ్లమ్మ జమీలా వేడివేడి రొట్టెలు పెడితే ముట్టుకోలేదు. “ఏమైందే, గట్ల పరేషాన్ ఉన్నవ్?” అంటే, “ఏం లేదమ్మీ, తలనొస్తాంది” అని తప్పించుకుని బస్సెక్కింది.

హాల్లో పంచాయితీ రంజుగా సాగుతోంది. అభిమాన సంఘానికి పెద్ద బుల్లిబాబు. కోనసీమ వైపు కరెంటాఫీసులో చేసి, రిటైరై, యాప్రాల్‌లో ఇల్లు కొనుక్కుని, ఇక జీవితంలో చెయ్యాల్సింది గ్రహాంతరయానమే అన్నట్టు స్థిరపడ్డ మనిషి. లేచి నిలబడి, కళ్లజోడు సవరించుకున్నాడు.

“చూడండి బాబూ! ఆ పచ్చ పట్టీ ఊరికే పెట్టలేదండీ. నౌకలో మొక్కలు పెంచే గది తగలడిపోయిందా లేదా? ఆఖరి మొక్క నారతో నేసిన పట్టీ అండీ అది. భూమి గుర్తన్నమాట. మరి తర్వాత షాట్లో ఏమైపోయింది? మధ్యలో ఆవిడ దాన్ని ఎవరికో ఇచ్చేసిందండీ! ఎవరికి? అదీ అసలు రహస్యం!”

హాలంతా ఈలలు, చప్పట్లు. చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి లేచాడు దీక్షిత్. గండిమైసమ్మ దగ్గర ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. సినిమాలో తప్పు దొరికితే అతనికి ఆ పూట పండగ. పోనీ సినిమా నచ్చలేదా అంటే, ఇప్పటికే ఆరుసార్లు చూశాడు.

“సర్, మీరు పెద్దమనుషులు. గని గిది రహస్యం గాదు సర్, పచ్చి తప్పు. బరువే లేని కాడ గుడ్డ కొసలు కిందికెట్ల వేలాడ్తయి? తేలాలె గద! మొక్క లేదు, నార లేదు. యూనిట్ల ఎవరో సోయి లేకుండ పనిజేసిన్రు. ఏదో పాత గుడ్డ కట్టుకున్నరు, విప్పుడు మర్శిపోయిన్రు. గంతే!”

సోయి లేకుండా అన్న మాట నజ్‌నీన్‌కు సూదిలా దిగింది. మర్చిపోవడమా? ఆ షూటింగు రోజున ఆమె మర్చిపోయింది ఒక్కటీ లేదు.

మేడ్చల్ దగ్గర ఒక పెద్ద గోదాం అద్దెకు తీసుకుని అందులో నౌక సెట్టు వేశారు. యామిని గాల్లో తేలే ఘట్టానికి సాయిప్రియను తాడు కట్టి పైకప్పు దాకా లాగాలి. ముందురోజు పరీక్షకని ఇసుకబస్తా లాగితే, సగం దూరం పోయి ధబీమని నేల మీద పడింది. తాడు మార్చామన్నారు, ఇక భయం లేదన్నారు. చెప్పినవాళ్లకేం, వేలాడేది వాళ్లు కాదుగా! బట్టలు మార్చే గదిలో సాయిప్రియ చేతులు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. “నజ్జూ, నాకు భయమైతాంది. ఎవరికన్న చెప్తే నవ్వుతరు” అంది.

నజ్‌నీన్ ఏమీ ఆలోచించలేదు. తన ఆకుపచ్చ చున్నీ అంచు చింపి, అందులో రూపాయి బిళ్ల పెట్టి మడిచి, రెండు కుట్లు వేసి, సాయిప్రియ కుడిచేతికి కట్టి, మనసులో దువా చదివింది. ఇమామ్ జామిన్ అంటారు దాన్ని. వాళ్ల ఇళ్లలో ఎవరు దూరం పయనమైనా జమీలా ఇలాగే కట్టి, “ఇగ నువ్వు ఇమాంసాబు పూచీ మీద పోతున్నవ్, ఫికర్ జెయ్యకు” అని సాగనంపుతుంది. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం ఎవరైనా బీదవాళ్ల చేతిలో పెట్టాలి. చేరేదాకా మాత్రం విప్పకూడదు.

పొడుగు చేతుల చొక్కాలో అది కనపడదనుకుంది. రిహార్సల్లో చొక్కా పైకి జారి అది బయటపడింది. సాయిప్రియను కిందికి దించినప్పుడు విప్పేయడానికి కావలసినంత వ్యవధి ఉంది. చెయ్యి ముడి దాకా పోయింది కూడా. కానీ పయనం ఇంకా పూర్తవలేదే! దారి మధ్యలో ఎవరైనా విప్పుతారా? చొక్కా చేతికి పిన్నీసు పెట్టి బిగించి, దేవుడి మీద భారం వేసి పంపింది. సాయిప్రియ క్షేమంగా దిగింది. పిన్నీసు మాత్రం ఊడిపోయింది.

ఇదంతా కళ్ల ముందు తిరుగుతుండగానే కింద కారు ఆగిన చప్పుడైంది. డైరెక్టర్ జనార్ధన్ మెట్లెక్కి వచ్చాడు. అభిమానులు ఈలలు వేశారు, ఫోటోలు తీసుకున్నారు, టీ ఇచ్చారు. ఆయన గుక్కెడు తాగాడో లేదో, దీక్షిత్ సూటిగా అడిగేశాడు.

“సర్, ఒక్క మాట చెప్పుర్రి. గా పచ్చగుడ్డ రహస్యమా, తప్పా?”

జనార్ధన్ గ్లాసు కింద పెట్టాడు. హాలంతా ఒకసారి చూసి, చివరి వరుస మీద చూపు నిలిపాడు. “గా సంగతి తెల్సిన మనిషి ఈడ్నే ఉన్నది. మా కాస్ట్యూమ్స్ చూసే నజ్‌నీన్. అమ్మా, నువ్వే చెప్పు.”

నజ్‌నీన్ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతమందిలో నిలబెట్టి కడిగేయడానికే పిలిపించాడన్నమాట! ముందు కుర్చీ పట్టుకుని లేచింది. బుల్లిబాబు ఆశగా చూస్తున్నాడు. అవునండీ, భూమి గుర్తేనండీ అని ఒక్క మాటంటే చాలు, బయటపడిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతలో దీక్షిత్ పక్కవాడితో, “ఏముంటది, తుడుచుకునే గుడ్డ అయ్యుంటది” అని ఇకిలించాడు.

అప్పుడొచ్చింది ఆమెకు కోపం!

“తుడుచుకునే గుడ్డ గాదు సార్ అది!” అంది గట్టిగా. “మర్శిపోయింది గూడ గాదు. నేనే కట్టిన. ఇమామ్ జామిన్ అది. ముందురోజు తాడు జారి ఇసుకబస్తా పడ్డది. సాయిప్రియకు భయమైంది, నాకు అంతకన్న ఎక్కువ భయమైంది. అందుకే కట్టిన. చొక్కా జారుతాందని రిహార్సల్లనే చూసిన. విప్పలే. మనిషి దిగకముందు అది విప్పొద్దు. తప్పంటే తప్పే, నాదే.”

అదేమిటో తెలియనివాళ్లు మొహాలు చూసుకుంటుంటే ఆమే చెప్పింది. “పయనమయ్యేటోళ్లకు గుడ్డల నాణెం పెట్టి కడ్తం. మంచిగ చేరినంక, విప్పి ఆ నాణెం గరీబోళ్లకు ఇయ్యాలె. సాయిప్రియ ఆ సాయంత్రం గోదాం గేటు కాడ ఊడ్చే కమలాబాయికి ఇచ్చింది. అంతే సార్, ఇంకేం లేదు.” చెప్పాల్సింది అయిపోయింది. ఇక కూర్చోవాలో, బయటికి నడవాలో ఆమెకు తెలియలేదు.

“ఆగండాగండి!” బుల్లిబాబు లేచి నిలబడ్డాడు. “అమ్మాయ్, ఇంకొక్కసారి చెప్పు తల్లీ. చేరాక నాణెం ఏం చెయ్యాలన్నావూ?”

“బీదోళ్లకు ఇయ్యాలె.”

బుల్లిబాబు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. “నాయనోయ్! మొదటి సినిమా, ఆఖరి ఘట్టం! ఎర్రగ్రహం మీద దిగీ దిగగానే యామిని ఏం చేసిందండీ? అక్కడి బస్తీ గేటు దగ్గర చినిగిన బట్టల్లో కూర్చున్న ముసలమ్మ చేతిలో నాణెం పెట్టిందా లేదా? ఒక్క మాటైనా మాట్లాడకుండా! ఆ కాలంలో నాణేలే లేవు, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకిచ్చింది అని నాలుగేళ్లుగా కొట్టుకు చస్తున్నాం కదండీ!”

హాలు పైకప్పు లేచిపోయిందంటే నమ్మండి. కుర్చీలెక్కి అరిచినవాళ్లున్నారు, ముక్కూమొహం తెలియనివాళ్లను వాటేసుకున్నవాళ్లున్నారు. ఒకాయన నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. అంతమందిలో అందరికంటే తెల్లబోయింది డైరెక్టరే.

“సర్, మీరు నాలుగేండ్ల కిందనే గింత ప్లాన్ జేసిన్రా?” అన్నాడు దీక్షిత్, నోరు తెరిచి.

జనార్ధన్ తల గోక్కున్నాడు. “అబద్ధం చెప్పి లాభం లేదు. షాట్ మంచిగుంటదని పెట్టిన తమ్మీ. గా నాణెం సంగతి ఎవరన్న అడుగుతరేమోనని నాలుగేండ్ల సంది మీటింగులకు రావాల్నంటేనే నాకు గుబులు. ఇయ్యాల్టికి బతికిన.”

“అబద్ధం! దాస్తున్నరు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన ఎంత మొత్తుకున్నా ఒక్కరు నమ్మలేదు. దీక్షిత్ మాత్రం నజ్‌నీన్ దగ్గరికొచ్చి, చెవులు ఎర్రబడి, “అక్కా, నోరు జారిన, ఏమనుకోకు. గని తర్వాత షాట్ల ఎందుకు లేదు?” అన్నాడు.

“ఆ షాట్ ఇంకో రోజు తీసిన్రు తమ్మీ. గది తప్పే” అంది నజ్‌నీన్. ఒక్క తప్పయినా మిగిలినందుకు అతని మొహం వెలిగిపోయింది.

అందరూ కిందికి దిగి బిర్యానీల మీద పడ్డాక, జనార్ధన్ ఆమెను చెరువు వైపు వరండాలోకి పిలిచాడు. పైన అంత సంబరం జరిగినా నజ్‌నీన్‌కు భయం తీరలేదు. నలుగురిలో నవ్వినవాళ్లు పక్కకు పిలిచి పని తీసెయ్యడం ఆమె చూడనిదా?

“సార్, నన్ను తీసేస్తున్నరా?” అని తనే అడిగేసింది. ఇంకాసేపు ఆ మాట మింగుకుని ఉండడం ఆమె వల్ల కాలేదు.

“తీసేసుడేంది? ఎవరన్నరు?” జనార్ధన్ ఆశ్చర్యంగా చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు. “ఎడిటింగ్‌లనే కనవడ్డది నాకది. గ్రాఫిక్స్ పిలగాండ్లు తుడిచేస్తమన్నరు. నేనే వద్దన్న. ఆ రోజు తాడు పని చూసేటాయన ఇంకొక్కసారి బస్తాతోని చూద్దామన్నడు నజ్‌నీన్. టైం లేదని నేనే కసిరిన. పిల్లను పైకి లాగుతుంటె మానిటర్ ముంగట నా ఒళ్లంత చెమటలు. ఆపుమనే ధైర్యం లేదు. షూటింగ్ అయినంక బొమ్మల ఆ గుడ్డ చూసిన. ఎవరో ఒకరు ఆ పిల్ల కోసం భయపడ్డరు అనుకున్న. భయపడాల్సింది నేను. నన్ను నేనే తుడిచేసుకోవాలె గని, దాన్నెట్ల తుడిచేస్త? ఎవరు కట్టిన్రో ఇన్నాళ్లకు మేనేజర్ కనుక్కొని చెప్పిండు.”

నజ్‌నీన్ పెద్దాయన మొహం వంక చూడలేక గట్టు మీది కొంగలను చూసింది.

“మూడో భాగంల తాళ్ల మీద పని ఇంకా ఎక్కువున్నది” అన్నాడాయన. “బట్టలు నువ్వే చూస్తవ్. దానితోని పాటు ఇంకో పని. తాడు కట్టిన ప్రతి షాట్‌కు నువ్వు వచ్చి చూసి ఊ అంటేనే మనిషి లేస్తది. నీకు భయమైతె షాట్ లేదు. నేను కసిరినా సరే.”

నిన్నటి నుంచి ఛాతీ మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టయింది. ఏడుపొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి చున్నీతో మొహం కప్పుకుంది. లోపల బుల్లిబాబు ఎవరికో ఫోన్లో నాణెం సంగతి గావుకేకలు పెట్టి చెబుతున్నాడు. బిర్యానీ వాసనకు ఆమె కడుపు గట్టిగా అరిచింది.

“అన్నం తిందాం పా” అన్నాడు జనార్ధన్ నవ్వుతూ.

“తింట సార్” అంది ఆమె కళ్లు తుడుచుకుని. “గని ఒక్క మాట. ఇంకమీద ఎవరిని లేపినా రెండు తాళ్లు గావాలె. బస్తాతోని నా ముంగట చూపియ్యాలె.”

“అట్లనే.”

“మాట దప్పొద్దు సార్.”

“తప్ప” అన్నాడాయన, చేతులు జోడించి. “నువ్వు చెప్పినట్లే.”