అత్త గొంతు కోసం రెండు ప్రోగ్రాములు

ఆ ఇంట్లో ముందుగది అత్త కుట్టుమిషనుది, వెనకగది బావ కంప్యూటరుది. మధ్యలో ఉన్న భోజనాల బల్ల ఎవరిదీ కాదు కాబట్టి గొడవలన్నీ దాని మీదే జరిగేవి.

బుల్లి ఆ ఇంటికి మేనకోడలు. పక్కవీధిలో ఉన్న శిక్షణ కేంద్రంలో పిల్లలకు పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పుతూ మేనత్త దగ్గరే ఉండేది. బయట నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు చెమటలు పట్టేవి. ఇంట్లో బావ కనబడితే మాత్రం ఆ నోటికి మూత ఉండేది కాదు. అత్తకు బావ ఒక్కడే కొడుకు. ఏదో కంపెనీకి జావాలో ప్రోగ్రాములు రాసేవాడు. తను రాసే భాషను ఎవరైనా చిన్నచూపు చూస్తే, కన్నతల్లిని అన్నట్టే ఉడుక్కునేవాడు.

"నీ పైథాన్‌తో పిల్లలకి ఆటలు నేర్పుకో. పెద్ద పనులకి అది పనికిరాదు" అనేవాడు.

"నీ దాంట్లో తెర మీద ఒక్క 'నమస్కారం' చూపించాలంటే ఇన్ని లైన్లు రాయాలి. అసలు జావా ఏంటి బావా? జావ! పళ్ళు లేనివాళ్ళకి పోసేది."

"పైథాన్ అంటే కొండచిలవ. దాన్ని మెళ్ళో వేసుకు తిరిగేదానివి, నువ్వా చెప్పేది?"

ముందుగదిలోంచి మిషను చప్పుడును దాటుకుని అత్త కేక వచ్చేది. "ఏరా, ఆ పాము ఇంకా చావలేదా? ఆ జావ ఇంకా చల్లారలేదా? ఊరికే అరుచుకునే బదులు వచ్చి బొత్తాలు కుట్టండి!"

అత్త గొంతు అలా ఉండేది. మాట మొదట్లో కాస్త బరువుగా, చివరికొచ్చేసరికి పైకి లేచేది. నవ్వొచ్చే ముందు చిన్న గుటక పడేది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలు ఇచ్చేశాక కూడా కదిలేవారు కాదు, ఆ గొంతు వింటూ కూర్చునేవారు.

ఆ గొంతు బొంగురు పోవడం మొదలైంది. జలుబనుకున్నారు, దారపు నూగు పడిందనుకున్నారు. చివరికి డాక్టరు లోపల గడ్డ ఉందన్నాడు. స్వరపేటిక తీసేయాలన్నాడు.

"ప్రాణానికి భయం లేదమ్మా. మాట మాత్రం ఉండదు" అని, అత్త ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "ఆపరేషనుకి ఇంకా టైముంది. రోజూ వాడే మాటలు ఈలోగా మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత ఫోనులోనో కంప్యూటర్లోనో ఓ బటన్ నొక్కితే మీ మాటే వినబడుతుంది. ఎవరైనా చేసిపెట్టేవాళ్ళున్నారా?"

"ఒకళ్ళు కాదు బాబూ, ఇద్దరున్నారు" అంది అత్త, ఆ బొంగురు గొంతుతోనే, గర్వంగా.

ఆ సాయంత్రమే బావ మంచి మైకు కొనుక్కొచ్చాడు. భోజనాల బల్ల మీద పెట్టి తీగ బిగించాడు. అత్త చీర సర్దుకుని, ఫోటో దిగబోయేదానిలా నిటారుగా కూర్చుంది.

"ఇందులోకి మాట్లాడాలా? ఏమే బుల్లీ, వినబడుతోందా? మీ మావయ్య ఉంటే నా నోరు మూతపడుతోందని ఊరంతా విందు ఇచ్చేవాడు" అంది. చిన్న గుటక వేసి నవ్వింది.

వెనక్కి పెట్టి విన్నారు. అత్త మాట కింద ఫ్యాను హోరు కూడా వినబడింది.

"శుభ్రంగా లేదు" అన్నాడు బావ.

"లేదు" అంది బుల్లి.

చెరిపేశారు. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. అత్త చేతిలో ఎప్పుడూ ఉండేది ఫోను కాబట్టి ఫోనులోనే పని చేయాలని, దానికి జావాయే సరైనదని బావ అన్నాడు. అత్త కళ్ళజోడుకి ఫోనులోని బటన్లు ఆనవని, పెద్ద తెర మీద పైథాన్‌తో చేస్తే చప్పున అయిపోతుందని బుల్లి అంది.

"అయితే అమ్మ కూరగాయలకి వెళ్ళేటప్పుడు కంప్యూటర్ నెత్తిన పెట్టుకు వెళ్తుందా?"

"నీ ప్రోగ్రాము పూర్తయ్యేసరికి కూరగాయలు పండి, కుళ్ళి, మళ్ళీ మొలుస్తాయి."

అంతటితో పోలేదు. విడివిడి మాటలు రికార్డు చేస్తే వాటిని కలిపి ఏ వాక్యమైనా చేసుకోవచ్చని బావ వాదన. అలా అతికించిన మాటలు మనిషి మాట్లాడినట్టు ఉండవని, నిండు వాక్యాలే కావాలని బుల్లి పంతం. ఏ ఫార్మాట్లో దాచాలన్నది ఇంకో తగువు. ఎవరి ప్రోగ్రాము ఖాయమైతే దానికి తగ్గట్టు రికార్డు చేయాలి కదా!

అత్త మధ్యమధ్యలో వచ్చి బల్ల దగ్గర కూర్చునేది. "ఏం చెప్పమంటారర్రా? ఏదో ఒకటి చెప్పేస్తాను."

"ఆగమ్మా. ముందు ఇది తేలాలి. తేలకుండా చెప్పిస్తే నీతో మళ్ళీ మొదట్నించి చెప్పించాలి. నీకు నొప్పి కదా" అనేవాడు బావ.

"అవునత్తా, రెండుసార్లు ఎందుకు కష్టపడటం" అనేది బుల్లి. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. అత్త తలూపి, మిషను దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం బావ ఆఫీసు పని మీద వెళ్ళాడు. అత్త బొత్తాలు ఏరుతూ, ఎవరికోసమూ కాకుండా ఏదో పాత ముచ్చట చెప్పుకుంటూ పోతోంది. బుల్లి చేతిలో ఫోను ఉంది. రికార్డు బటన్ మీద వేలు పెట్టబోయింది. ఫోనులో రికార్డు చేస్తే ఫోనే మేలని ఒప్పుకున్నట్టవుతుంది. బావ వచ్చి, 'చూశావా, చివరికి నా దారికే వచ్చావు' అంటాడు. ఆ నవ్వు ముఖం కళ్ళముందు మెదిలింది. ఫోను పక్కన పెట్టేసింది.

అప్పటికి ఆపరేషనుకి బోలెడు టైముంది.

కానీ గడ్డకు ఆ సంగతి తెలియదు. ఒక ఉదయం అత్త మంచినీళ్ళు మింగలేకపోయింది. కాసేపటికి ఊపిరి ఆడటం కష్టమైంది. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా అత్త బుల్లి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని పెదవులు కదిపింది, గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టర్లు ఆగలేదు. ముందు గొంతుకి గొట్టం వేశారు, వెంటనే ఆపరేషను చేసేశారు.

అత్త బతికింది. అందరూ అదే మాట అన్నారు, అదే పెద్ద మాట కూడా.

ఆసుపత్రి వరండాలో ఒక బెంచీకి ఆ చివర బావ, ఈ చివర బుల్లి కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని రాశారు. ఒకరినొకరు పలకరించుకోలేదు. అత్త ఇంటికి వచ్చేసరికి రెండు ప్రోగ్రాములూ పూర్తయ్యాయి. రెండూ చక్కగా పని చేశాయి. ఫోనులో బటన్లు బుల్లి భయపడినంత చిన్నవి కావు. పెద్ద తెర మీదవి బావ వెక్కిరించినంత పనికిమాలినవి కావు. ఏది నొక్కినా దీపం వెలిగినట్టు రంగు మారేది, మాట మాత్రం వచ్చేది కాదు. లోపల పెట్టడానికి ఏమీ లేదు.

ఇల్లంతా వెతికారు. అత్తకు ఫోనులో మాటలు రికార్డు చేసి పంపే అలవాటు లేదు, మాట్లాడాలనిపిస్తే ఎదురుగా వచ్చి మాట్లాడే మనిషి. ఎవరిదో పెళ్ళి వీడియో దొరికింది. అందులో అత్త నవ్వుతూ ఏదో అంటోంది, వెనక బ్యాండు మోతలో పెదవులు కదలడం తప్ప ఏమీ తెలియదు. బావ ఆ ముక్కలోని మోతను ఎన్నిసార్లు తగ్గించి చూసినా బ్యాండే వినబడింది. చెరిపేసిన ఆ మొదటి రికార్డును తిరిగి తెచ్చే దారి కోసం కూడా చూశాడు. దాని మీద ఇంకేవో ఎక్కిపోయాయి.

చివరికి బుల్లి గొంతే పెట్టాలనుకున్నారు. నలుగురిలో నోరు విప్పడానికి భయపడే పిల్ల, వెనకగదిలో తలుపేసుకుని, ఫ్యాను ఆపుకుని, మైకు ముందు కూర్చుంది. "మంచినీళ్ళు కావాలి." "జాకెట్టు రేపిస్తాను." "కొలతకి పాతది తెచ్చారా?" ఒక్కొక్కటే చెప్పింది. ఎంత బాగా చెబుదామన్నా, మాట చివర పైకి లేవలేదు.

బయటికొచ్చేసరికి బల్ల దగ్గర బావ, అత్త కూర్చుని ఉన్నారు.

"ఇవి నీ దాంట్లోనే పెట్టు. పైథానే నయం. అంత తొందరగా రాయడం నా వల్ల కాలేదు" అన్నాడు బావ.

ఈ మాట వినాలని ఆమె ఎన్నాళ్ళు కాచుకుందో! తీరా చెవిన పడితే తల అడ్డంగా ఊపింది.

"వద్దు బావా. ఫోనే మంచిది. అత్త ఎక్కడికెళ్ళినా చేతిలోనే ఉంటుంది."

"కాదులే. పెద్ద తెరైతే అమ్మకి సులువు."

"నీ దాంట్లో బటన్లు బాగానే ఉన్నాయిగా!"

"నా మాట విను బుల్లీ, నీదే..."

టక్కుమని చప్పుడైంది. అత్త కత్తెరతో బల్ల మీద కొట్టింది. పక్కనున్న నల్లటి లైనింగు ముక్కను ముందుకు లాక్కుని, గుడ్డల మీద గీతలు గీసే సుద్దతో గబగబా రాసి, ఇద్దరి వైపూ తిప్పింది.

'మళ్ళీ మొదలెట్టారా?'

బావ తల దించుకున్నాడు. బుల్లి ఆ రెండు మాటల్నీ చూస్తూ ఉండిపోయింది. అత్త అయితే ఇది ఎలా అనేదో తెలుసు, ఎన్నివందలసార్లు విన్నదో. మొదట్లో బరువుగా, చివర పైకి. కళ్ళు మూసుకుని వినడానికి ప్రయత్నించింది. ఇంకోసారి ప్రయత్నించింది. వెనకగదిలో ఇందాక రికార్డు చేసిన గొంతే వినబడింది, తన గొంతే.