జక్రయ్య కుడికాలు

“తొక్కు.”

జీపు కింది నుంచి మెకానిక్ గౌస్ బాషా గొంతు వినిపించింది. జక్రయ్య కుడికాలితో బ్రేకు పెడల్‌ని అదిమాడు.

“పట్టు. పట్టు... వదులు.”

వదిలాడు. ముందు చక్రం దగ్గర పెట్టిన సీసాలోకి సన్నటి గొట్టం గుండా అప్పటికే బ్రేకు నూనె జారి ఉంది. దానితోపాటు రెండు బుడగలు వచ్చాయి. బుడగలు రాకుండా పోయేదాకా ఈ తొక్కుడు సాగవలసిందే. లోపల ఆవగింజంత గాలి మిగిలినా బ్రేకు మెత్తబడుతుంది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టారు. సత్తెనపల్లి రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డులోకి ఇప్పుడు ఎండ సగందాకా వచ్చింది.

“మోకాలు ఎట్టా ఉందిరా?”

“మోకాలికేం? నా మోకాలేగా.”

“నీది గాబట్టే అడిగా. జీపుదైతే ఈపాటికి మార్చేసేవాణ్ణి. ఊఁ, తొక్కు.”

జక్రయ్యకు అరవై ఒకటి. పొట్టి మనిషి. పంచె ఎగగట్టి నిలబడితే కుడి పిక్క ఎడమ పిక్క కన్నా లావుగా కనిపిస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ కాలు ఈ ఒక్క పెడల్‌నే తొక్కింది. కాలువ అవతలి పొలాల్లోకి లారీ రాదు. నాలుగు చినుకులు పడితే నల్లరేగడి దారిలో ఆటోలు దిగబడిపోతాయి. మిరప కోతలకు కూలీలను దింపాలన్నా, కల్లాల్లో ఎండిన కాయను గోనె బస్తాల్లో టిక్కీలుగా తొక్కి రోడ్డెక్కించాలన్నా, పత్తి మోయాలన్నా, చర్చి పందిరికి గుంజలు తేవాలన్నా జీపు జక్రయ్యే. ఇద్దరు పిల్లలు ఆ జీపులోనే పుట్టారు. ఇన్నేళ్లలో దాని కింద ఒక్క కోడిపిల్ల కూడా పడలేదు. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ అనలేదు. గుద్దిన బండి గురించి నాలుగూళ్లు చెప్పుకుంటాయి గానీ, ఆగిన బండి గురించి చెప్పుకోవడానికేముంది?

ఆ జీపును ఆపడం మాత్రం మామూలు విద్య కాదు. మొదటి తొక్కుకు పెడల్ ఊరికే అడుక్కి పోయేది. రెండో తొక్కుకు కాస్త గట్టిపడేది. మూడో తొక్కుకు పట్టేది. కన్నుమూసి తెరిచేలోగా మూడు తొక్కులూ పడిపోవాలి. పన్నెండేళ్ల కిందట ఒకరోజు, చక్రాల్లోకి నీళ్లు చేరి, పద్నాలుగు మంది కూలీలతో కాలువకట్ట దిగుతుంటే మూడో తొక్కుకు కూడా పట్టలేదు. జక్రయ్య స్టీరింగు తిప్పి పక్కనున్న పత్తి చేలోకి తోలేశాడు. చేను మధ్యలో జీపు దానంతటదే ఆగింది. అడ్డదారిన తెచ్చాడనుకున్నారు ఆడవాళ్లు. కంపకు తట్టుకుని చీర చిరిగిందని ఆ కూలీల్లో ఉన్న హెలెన్ వారం రోజులు సణిగింది. జక్రయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. చక్రాలు విప్పి చూసిన గౌస్ బాషా కూడా ఒకసారి అతని మొహంలోకి చూసి ఊరుకున్నాడు.

ఇప్పుడు మోకాలి చిప్ప అరిగిపోయింది. ఈ సీజను దాటితే పెడల్ తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. రెండో కూతురు స్తుతికి లైసెన్సుంది. ట్రాక్టరు కూడా తోలుతుంది. కానీ ఆమె చేతికి సరుకు ఎవరిస్తారు? “ఆ జీపును ఆపడం జక్రయ్యకే చాతనవుద్దయ్యా” అంటారు రైతులు. ఇన్నాళ్లూ ఆ మాట వింటే అతని ఛాతీ పొంగేది. ఇప్పుడదే మాట కూతురి దారికి అడ్డం పడింది. అందుకే గౌస్ బాషా దగ్గరకొచ్చి, ఎవరు తొక్కినా ఆగేటట్టు చెయ్యమన్నాడు. ముందు చక్రాలకు డిస్కులు, వెనక వెడల్పాటి డ్రమ్ములు, కాలి బలాన్ని రెట్టింపు చేసే బూస్టరు. అన్నీ కుదిరేసరికి పది రోజులు పట్టింది. ఈ రోజు మిరప రైతు శ్రీమన్నారాయణ గారి కల్లంలో ఇరవై నాలుగు టిక్కీలున్నాయి. వాటిని స్తుతి క్షేమంగా కట్ట దింపితే ఆయన సీజను సరుకంతా ఆమెదే. లేకపోతే ఇంకో ఊరి ట్రాక్టరు వస్తుంది.

“బుడగల్లేవు. దిగు” అన్నాడు గౌస్ బాషా.

* * *

కల్లంలో ఎర్రటి రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. జీపును చూడగానే హెలెన్ గొంతెత్తింది.

“ఏం బావా! ముసలిదానికి కొత్త పళ్లు కట్టించావంట?”

“కట్టించా. దగ్గరికి రాబాక, కరిచిద్ది.”

టిక్కీలు ఎక్కించి తాళ్లు బిగించారు. జీపు వెనక్కి కుంగింది. స్తుతి తలుపు తీయబోతుంటే శ్రీమన్నారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముందు మీ నాన్నను తోలనీ అమ్మాయ్.”

“వీడు తోలితే అది పరీక్ష కాదండీ. వీడైతే బ్రేకుల్లేకపోయినా ఆపుతాడు” అన్నాడు గౌస్ బాషా.

“సరుకు నాదయ్యా బాషా.”

ఇక చేసేదేముంది? గౌస్ బాషా కట్ట వాలు మధ్యలో దారికి అడ్డంగా ఎండుమిరపకాయలు వరసగా పేర్చి, వాటి ఇవతలే ఆపమన్నాడు. జక్రయ్య జీపెక్కాడు. కట్ట మీదికి ఎక్కించి, అవతలి వాలులోకి వదిలాడు. వెనకనున్న బరువంతా వీపు మీదికి తోసుకొచ్చింది. మిరపకాయల గీత దగ్గరవుతోంది. అతనేమీ ఆలోచించలేదు. కాలు దాని పని అది చేసుకుపోయింది. ఒకటి, రెండు, మూడు.

ప్రతి తొక్కుకూ జీపు పట్టేసింది. మూడుసార్లు ముక్కు నేలకు వంచి లేచింది. మూడోసారికి తాడు జారి, పైనున్న టిక్కీ బానెట్ మీదుగా ఎగిరి దారిలో పడి పగిలింది. ఘాటు గుప్పున లేచింది. కట్ట మీదున్న వాళ్లందరికీ తుమ్ములే తుమ్ములు.

“ముప్పయ్యేళ్లలో ఒక్క కాయ జారనియ్యనోడివి! ఇదేంటయ్యా జక్రయ్యా?” శ్రీమన్నారాయణ ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

జక్రయ్య మొహం ఎర్రబడింది. పగిలిన టిక్కీని చూశాడు. తర్వాత గీతను చూశాడు. జీపు దానికి నాలుగు బారల ఇవతలే ఉంది. అంత బరువు వెనక నుంచి తోస్తున్నా, మొదటి తొక్కుకే దాదాపు నిలబడిపోయింది. మిగతా రెండూ అది అడగలేదు. తనే ఇచ్చాడు. అతనికి లోపలి నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వూ తుమ్మూ కలిసిపోయాయి.

“జీపు ఆగిందండీ. ఆగంది నా కాలు. పిల్లని ఎక్కనియ్యండి. ఆ కాయ నేనే ఏరి పోస్తా.”

పగిలిన టిక్కీని మళ్లీ కట్టి, తాళ్లు మరో పట్టు బిగించి, జీపును చుట్టూ తిప్పి కల్లం వైపు తెచ్చారు. ఈసారి గౌస్ బాషా ఇంకో మెలిక పెట్టాడు. పొలాలకు నీళ్లు పారే బోదెలో జీపును రెండు నిమిషాలు నిలబెట్టాలన్నాడు. పాత బ్రేకులకు నీళ్లు తగిలితే పట్టు పోయేది. వీటి సంగతి కూడా అందరూ చూడాలి. జక్రయ్య బోదెలోకి దిగి, గట్టినేల ఎక్కడుందో కాలితో తడిమి కూతురికి చూపించాడు. చీలమండల దాకా బురదతో వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

“ఇంజను ఆపొద్దమ్మా. ఒక్కసారే, మెత్తగా” అన్నాడు గౌస్ బాషా కిటికీలోంచి.

“నాన్నా, నువ్వేం మాట్లాడొద్దు.”

“మాట్లాడన్లే.”

“కాలు కూడా కదపొద్దు.”

అతను తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

రెండు నిమిషాలు బోదెలో నిలిపాక స్తుతి కట్ట ఎక్కించింది. పైన ఒక్క క్షణం నిలిపి, రెండో గేరులో వాలులోకి దింపింది. చక్రాల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆడవాళ్లు తాలుకాయలు వదిలేసి కట్ట మీద వరసగా నిలబడ్డారు. గీత రెండు బారల్లోకి వచ్చింది. బారెడు. స్తుతి కాలు ఆనించింది. బరువెక్కిన ఎద్దు మోకాళ్లు వంచినట్టు జీపు ముందు కొంచెం వంగి, నిలబడింది. ముందు చక్రానికీ మొదటి మిరపకాయకూ మధ్య జానెడు నేల ఉంది. ఒక్క టిక్కీ కదలలేదు. ఆమె అలాగే వాలు మీద పట్టి ఉంచింది. పదీ, ఇరవై, ముప్పై లెక్కపెట్టేదాకా పట్టి ఉంచింది. తర్వాత వదిలి, కిందికి దింపి, రోడ్డు అంచున మళ్లీ ఆపింది. గుంటూరు బస్సు హారను కొట్టుకుంటూ ముందు నుంచి వెళ్లిపోయింది.

కట్ట మీద ఈలలు, కేకలు. “ఒసేయ్ స్తుతీ! రేపు ముందు సీటు నాదేనే!” హెలెన్ గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది.

శ్రీమన్నారాయణ మెల్లగా దిగి వచ్చాడు. నాలుగు చక్రాలూ చూశాడు. తాళ్లు లాగి చూశాడు. జక్రయ్య వైపున్న కిటికీని దాటి, చుట్టూ తిరిగి, స్తుతి వైపు వచ్చి నిలబడ్డాడు.

“రేపు ఎన్నింటికి వస్తావమ్మా?”

అలవాటుగా జక్రయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

“ఆరున్నరకల్లా కల్లంలో ఉంటానండి” అంది స్తుతి.

జక్రయ్య మొహం తిప్పి కాలువ వైపు చూశాడు. అక్కడ చూడవలసిందేమీ లేదు. నీళ్లు మామూలుగానే పారుతున్నాయి.

“ఏరా, ఏడుస్తున్నావా?” గౌస్ బాషా తలుపు తీశాడు.

“నోర్ముయ్. పట్టు, దిగాలి.”

“మిర్చి యార్డుకి రావా నాన్నా?” అంది స్తుతి.

“నాకేం పని అక్కడ? కాటా దగ్గర నీ పేరు చెప్పు. నా పేరు చెప్పబాక.”

అతను గౌస్ బాషా భుజం మీద చెయ్యేసి, కుంటుకుంటూ టీకొట్టు వైపు నడిచాడు. దారిపొడుగునా ఇద్దరూ ఏదో వాదించుకుంటూనే ఉన్నారు. జక్రయ్య చేతులు గాల్లో జీపు ఎలా ఆగిందో చూపిస్తున్నాయి. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

స్తుతి సీటు కొంచెం ముందుకు జరుపుకుంది. ఎడమ తలుపు సరిగా పడిందో లేదోనని వంగి చూసింది. ఎడమ సీటు ముందు, ఏ పెడలూ లేని ఆ ఇనపరేకు మీద, వేళ్ల దగ్గర లోతుగా, మడమ దగ్గర పలచగా, నల్లరేగడి బురదలో ఒక కుడిపాదం ముద్ర ఇంకా తడిగా ఉంది.