సున్నా కింద మొదలైన గీత

దీనమ్మ కొండాపూర్‌లోని ఒక ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా ఆయా. పదో తరగతి పాసైతేనే నర్సింగ్ శిక్షణకు పంపుతామన్నారు. ఓపెన్ స్కూల్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఇంకొకరిని పంపుతారట. మిగతా లెక్కలన్నీ ఒక ఎత్తు, సమీకరణానికి దాని గీతను జతపరిచే ప్రశ్న ఒక్కటే ఒక ఎత్తు.

ఐటీ ఉద్యోగం చేసే కూతురు దీవెన ఆదివారం చర్చి నుంచి రాగానే మియాపూర్ ఇంట్లో పుస్తకం తెరిచింది. y = 500 − 100x కి గీతను పట్టుకోమంది. దీనమ్మ ప్రతిసారీ గీత అడుగున అడ్డగీతను తాకేచోటే చూసి తప్పు చెప్పింది.

"ఆడ్నే ఎందుకు చూస్తున్నవమ్మా?"

"సెలైన్ ఎప్పుడైపోతదో చూసుడే గద నా పని. సీసా ఖాళీ అయినంక పోతే సిస్టర్ ఊకుంటదా?"

దీవెనకు నవ్వాగలేదు. "సీసా పెట్టంగనే ఎంతుంటది? ఎడమ దిక్కు నిలువు గీత మీద చూడు. అది అంతరఖండం. గంటకెంత దిగుతది? అది వాలు."

"ఐదొందలు. గంటకు నూరు," అంది దీనమ్మ. సీసాలకు టేపు అంటించి గంటగంటకూ తాను పెట్టిన గుర్తులన్నీ కలిపితే ఈ గీతే. ఇన్నేళ్లు చేతిలో ఉన్నదీ చదువేనని ఎవరూ చెప్పలేదు.

పరీక్షలో మూడు జతలు చకచకా కుదిరాయి. ఇక y = 2x − 3. మిగిలినవి రెండు గీతలు. ఒకటేమో మూడు దగ్గర మొదలై దిగుతోంది, ఇంకొకటి సున్నా కింద మొదలై ఎక్కుతోంది. మైనస్ కనబడగానే దిగేదాని మీదికే పెన్ను పోయింది. అయితే మైనస్ x పక్కన లేదు. అంటే వాలు ఎక్కేదే, మొదలే కింద. ఖాళీ సీసా కంటే ఖాళీది ఉంటుందా?

వాంతులతో ఎండిపోయి వచ్చే రోగులు గుర్తొచ్చారు. వాళ్లు లోటుతోనే మంచమెక్కుతారు. ముందు ఆ లోటు పూడాలి, తర్వాతే మనిషి తేరుకునేది. దాన్నే ఎవరో కాగితం మీద తిన్నగా ఒక గీతగా గీసి పెట్టారు. వాళ్లు ఏ మంచం పక్కనా నిలబడి ఉండరు, అయినా వాళ్లకిది తెలుసు. దీనమ్మకు ఆశ్చర్యమేసింది.

జత రాసింది. నలభై నాలుగేళ్లకు బల్ల ముందు కూర్చున్న తనదీ ఆ గీతేననిపించి కళ్లు నిండాయి.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇన్విజిలేటర్.

"ఏం లేదు సార్. దొరికింది."